దారం మాస్టరు నిలబడ్డ నాలుగు నెలలు

ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు దారం మాస్టరు అన్న పేరు విని, కుట్టుపని చేసే మనిషి కాబోలనుకుని చిరిగిన చొక్కాలు పట్టుకుని వెళ్ళేవారు. తీరా చూస్తే అది సెలూను. రెండు తిరుగుడు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం, అద్దం కింద సొరుగు, దాని మీద కత్తెరలు, దువ్వెనలు, నీళ్ళు చిమ్మే సీసా. మాస్టరు ఆ చొక్కా వంకా, తెచ్చిన మనిషి తల వంకా చూసి, "చొక్కా నా వల్ల కాదు గానీ, ఈ తలని ఎవరు పాడుచేశారు? కూర్చో" అనేవాడు.

పని అయిపోయాక ఆయన జేబులోంచి జానెడు తెల్లదారం తీసి, రెండు చేతుల మధ్య బిగబట్టి, కూర్చున్నవాడి మెడ వెనక జుట్టు అంచుకు ఆనించి చూసేవాడు. దారానికి కింద ఒక్క వెంట్రుక కనబడినా, బస్సు వెళ్ళిపోతోందని వాడు మొత్తుకున్నా లేవనిచ్చేవాడు కాదు. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచింది. ఆయన నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. "నీ తలకాయకి ఆ ఫోటోలో క్రాపు నప్పదు, ఆ ఫోటోలో ఉన్నవాడికీ నప్పలేదు" అని మొహం మీదే అనేసేవాడు. వచ్చేవాళ్ళూ తక్కువవాళ్ళు కాదు. చెవి మీద ఇంకొంచెం తియ్యమనీ, ముందు వైపు ఎందుకు తీశావనీ కుర్చీలోనే తగువు పెట్టుకునేవారు. ఆ తగువులే ఆయనకు టిఫినూ భోజనమూ.

సెలూను పైనున్న బోర్డు ఒకసారి గాలికి ఒక పక్కకి ఒరిగింది. దాన్ని ఎవరి చేతనైనా సరిచేయించవచ్చు. కానీ వంకర బోర్డు కింద ఒక పూట పనిచేయడం మాస్టరు వల్ల కాలేదు. నిచ్చెన వేసుకుని తానే ఎక్కాడు. నిచ్చెన జారింది, వెన్నెముక దెబ్బతింది, నడుము కింద ఒళ్ళు తనది కాకుండా పోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు చక్రాల కుర్చీలో. కూర్చోవడమంటే సుఖమనుకునేవాళ్ళని ఒక్క వారం ఆ కుర్చీకి కట్టేసి చూడాలని మాస్టరుకు ఉండేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. కాళ్ళు వాటంతటవే ఎగిరిపడేవి. మూత్రం గొట్టం అప్పుడప్పుడు కారి పంచె తడిసేది. ఆయనకు విరేచనం అయిందా లేదా అన్న సంగతి వచ్చిపోయే చుట్టాలకు కూడా తెలిసేది, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు ఆయన ముందే దాని గురించి సభ పెట్టేవారు. అన్నిటికంటే రోత ఏమిటంటే, లోకం నడుము దగ్గర మొదలై నడుము దగ్గరే ఆగిపోవడం. ఎవరొచ్చినా ముందు బెల్టు, దాని మీదికి జారిన బొజ్జ. మాటలు ఆయన తల మీదుగా అటూ ఇటూ పోయేవి. "ఈయన టీ తాగొచ్చా?" అని ఆయన ఎదురుగానే ఆయన భార్యను అడిగేవారు. "తాగొచ్చు, మింగడం కూడా వచ్చు" అనేవాడు మాస్టరు. వాళ్ళు నవ్వి, జాలిగా భుజం తట్టేవారు. వాళ్ళు వెళ్ళాక ఆయన ఆ భుజం దులుపుకునేవాడు.

కుర్చీలోంచే పని చేద్దామని రెండుసార్లు చూశాడు. చేతులు పైకెత్తి, నడినెత్తి కనబడక, తడుముకుంటూ కత్తిరిస్తే ఎవడి జుట్టో వచ్చి ఆయన నోట్లో, కళ్ళలో పడింది. ఉమ్మేసి కత్తెర కింద పెట్టాడు. సెలూను బావమరిది చేతికి పోయింది. బావమరిది చెడ్డవాడు కాదు. ఏ పని చేసినా తొంభై శాతం చేసి, మిగతా పదీ దానంతటదే అవుతుందని నమ్మే మనిషి.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ నిలబెట్టే స్టాండు గురించి చెప్పింది. కింద చక్రాల ఇనప చట్రం, పాదాలకు రెండు పలకలు, మోకాళ్ళకు రెండు మెత్తలు, వెనక ఒక సీటు. సీటు మీదికి జరిగి, పట్టీలు బిగించుకుని, పక్కనున్న పిడిని పంపు కొట్టినట్టు కొడితే సీటు లేస్తుంది, దానితో పాటు మనిషీ లేస్తాడు. అప్పగించేటప్పుడు ఆవిడ రెండు మాటలు చెప్పింది.

"రోజూ దిగాక మోకాళ్ళూ మడమలూ చూడాలి. నొప్పి మీకు తెలియదు, కళ్ళతోనే తెలుసుకోవాలి. నెల తర్వాత తీసుకురండి, ఎలా నిలబడుతున్నారో చూసి మళ్ళీ సరిచేస్తాను."

బావమరిది దాన్ని సెలూనులోనే ఒక పూటలో బిగించాడు. అంతా అయ్యాక ఒక బోల్టు మిగిలింది.

"ఇదేమిట్రా?" అన్నాడు మాస్టరు.

"కంపెనీవాళ్ళు ఒకటి ఎక్కువే వేస్తారు బావా" అని వాడు దాన్ని సొరుగులో పడేశాడు.

మాస్టరు లేచాడు. రెండేళ్ళ తర్వాత అద్దంలో తన మొహం పైనా, కూర్చున్నవాడి తల కిందా కనబడ్డాయి. ఊపిరి అడుగు దాకా వెళ్ళినట్టయింది. మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట, తర్వాత పూటకు గంటన్నర. వారం తిరిగేసరికి కడుపు తేలికపడింది, కాళ్ళు ఎగిరిపడటం తగ్గింది, పడుకుంటే నిద్ర పట్టింది. ఎదుటివాడి కళ్ళలోకి సూటిగా చూసి "నోర్ముయ్" అనగలగడంలో ఎంత ఆరోగ్యం ఉందో ఏ డాక్టరూ చీటీలో రాయలేదు. స్టాండు కదలదు కాబట్టి మనిషి చుట్టూ తాను తిరిగే బదులు కుర్చీనే తిప్పుకుంటూ పనిచేయడం నేర్చుకున్నాడు.

జనం విరగబడి వచ్చారు. మునుపు రాని వాళ్ళు కూడా వచ్చారు. వచ్చి కిమ్మనకుండా కూర్చునేవారు. చెవి మీద తియ్యమని ఎవడూ అడగలేదు, ముందు వైపు ఎందుకు తీశావని ఎవడూ కసరలేదు. చివర్లో ఆయన దారం తీయబోతే, "ఎందుకు మాస్టారూ శ్రమ, మీరు నిలబడటమే గొప్ప" అని లేచిపోయేవారు. ఆ చివరి క్షణానికి మాస్టరు భుజాలు లాగేసేవి. కాబట్టి ఆయనా పట్టుబట్టలేదు. దారం జేబులోనే ఉండిపోయింది. తన చెయ్యి మళ్ళీ తనకు వచ్చేసిందనే అనుకున్నాడు, పాపం.

భార్య మాత్రం రోజూ మోకాళ్ళు చూసేది.

"ఎడమ మోకాలు ఎర్రబడుతోంది. నెలకి రమ్మంటే మూడు నెలలు దాటింది. ఒకసారి వెళ్ళొద్దామండీ."

"రెండేళ్ళకి మనిషినయ్యాను. నువ్వు మోకాలు మోకాలు అంటావు."

"మోకాలు కూడా మీదే."

"షాపు నిండా జనం. వాళ్ళని కూర్చోబెట్టి నేను ఆసుపత్రిలో కూర్చోవాలా?"

ఆవిడ మందు రాసేది. రాస్తున్న చెయ్యి ఆయనకు తెలిసేది కాదు. నాలుగో నెలకి అక్కడ చర్మం పైపొర లేచింది.

ఆ నెలలోనే వీధి వ్యాపారుల సంఘం మాస్టరును గౌరవించాలనుకుంది. సంఘం ప్రెసిడెంటుకు బట్టల కొట్టు. ఎవరికైనా ఏదైనా జరిగితే అందులో తన ఫోటో పడే దారి వెతికే మనిషి. సంఘం హాల్లో వేదిక మీద స్టాండును ముందే పెట్టించి, పట్టీలకు రంగు కాగితాలు అతికించారు. మాస్టరును పిలిచేదాకా వెనక, తలుపు దగ్గర ఉంచారు, చక్రాల కుర్చీ వరసల మధ్య పట్టదని. ఆ రంగు కాగితాలు చూడగానే ఆయనకు వెగటు పుట్టింది. తనను ఎక్కించేది బొమ్మల కొలువులోకి కాదు కదా అనుకున్నాడు.

చక్రాల కుర్చీలో కూర్చుంటే ముందు వరసలవాళ్ళ మెడలు సరిగ్గా కళ్ళ ఎదురుగా వస్తాయి. చూడటానికి వేరే ఏమీ లేదు. చూశాడు. ఒక మెడ మీద జుట్టు అంచు ఎడమన ఎత్తుగా, కుడిన పల్లంగా ఉంది. కూర్చోవడం సరిగ్గా లేదేమో అనుకున్నాడు. పక్క మెడా అంతే. దాని ముందుదీ అంతే. జేబులోంచి దారం తీసి, కుర్చీల వీపులకు సరిసమానంగా కళ్ళ ముందు బిగబట్టాడు. పందొమ్మిది మెడలు వంకర. అన్నీ ఒకే వాలు.

అందరూ తన దగ్గర క్రాపు చేయించుకున్నవాళ్ళే.

మధ్యలో ఏడెనిమిది మెడలు మాత్రం చక్కగా, తిన్నగా ఉన్నాయి. వాళ్ళూ తన కుర్చీలో కూర్చున్నవాళ్ళే, కిందటి వారం కూడా. మాస్టరు కళ్ళు చికిలించి చూశాడు. ఆ మెడల చివర కత్తి చిన్నగా లోపలికి తిరిగిన ఆనవాలు ఉంది. ఆ తిప్పుడు ఎవరిదో ఆయనకు తెలుసు. ఆ అలవాటు మాన్పించడానికి ఒకప్పుడు ఒక ఏడాది తిట్టాడు. మూలమీద సెలూను పెట్టుకున్న తన శిష్యుడిది. అంటే వీళ్ళు తన దగ్గర కూర్చుని, గొప్పగా పొగిడి, అటునుంచి అటే మూలషాపుకు వెళ్ళి సరిచేయించుకుంటున్నారు. మాస్టరుకు నోట్లో చేదు ఊరింది. కారిన మూత్రం గొట్టానికీ, చుట్టాల ముందు చర్చకీ కూడా ఇంత రోత పుట్టలేదు.

ఈలోగా నలుగురు వచ్చి ఆయన్ను వేదిక ఎక్కించారు. బావమరిది పట్టీలు బిగించి పిడి కొట్టాడు. మాస్టరు లేచాడు. హాలు హోరెత్తిపోయింది. చొక్కా చివరతో కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

"కాళ్ళు లేకపోయినా తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషి" అన్నాడు ప్రెసిడెంటు మైకులో.

"కాళ్ళున్నాయి" అన్నాడు మాస్టరు. "ప్రెసిడెంటు గారూ, ఒక్కసారి వెనక్కి తిరగండి."

ఆయన నవ్వుతూ తిరిగాడు. మాస్టరు ఆయన చొక్కా కాలరుకు సరిసమానంగా దారం బిగబట్టి మెడకు ఆనించాడు. కుడి పక్కన దారం కింద చిటికెన వేలి వెడల్పు జుట్టు వేలాడింది.

"ఇది వంకర. మీకు తెలుసా?"

"అబ్బే, దానిదేముంది మాస్టారూ. మీరు అంత కష్టపడి చేస్తుంటే..."

"తెలుసా, తెలీదా?"

ప్రెసిడెంటు మెడ తడుముకున్నాడు. "మా ఆవిడ చెప్పింది."

"ఎప్పుడు?"

"మూడు నెలలయింది."

హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మాస్టరు అందరి వంకా చూశాడు. నిలబడి ఉన్నాడు కాబట్టి అందరి కళ్ళూ కనబడ్డాయి. కనబడ్డ ప్రతి జతా కిందికి దిగింది.

"మీ ఇంట్లో కొళాయి బిగించినవాడు నీళ్ళు కారేలా బిగిస్తే ఇలాగే చప్పట్లు కొడతారా? వాణ్ణి పంపించేసి, చాటుగా ఇంకొకణ్ణి పిలిచి, మర్నాడు మళ్ళీ వాడికే కొళాయి ఇస్తారా? నేను మీకు క్రాపు చేస్తున్నాననుకున్నాను. మీరు నన్ను ఆడిస్తున్నారు. ఛీ. దించండి నన్ను."

ఫ్రేము కట్టిన కాగితం ఒకటి ఇచ్చారు. దాన్ని అక్కడే కుర్చీ మీద బోర్లా పెట్టి వచ్చేశాడు. దారి పొడుగునా బావమరిది ఏదో సర్దిచెప్పబోతే, "ఇంకొక్క మాట మాట్లాడావంటే నీక్కూడా క్రాపు చేస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, సెలూను తలుపులు పూర్తిగా తీయకముందే శిష్యుడు వచ్చాడు. నలభై దాటిన మనిషి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎంతమందిని సరిచేశావు?"

"లెక్క పెట్టలేదు గురువుగారూ."

"చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"చెబితే మీరు మళ్ళీ కుర్చీలో కూలబడిపోతారేమోనని భయమేసింది."

"కూలబడితే కూలబడేవాణ్ణి. నా తప్పు నా దగ్గర దాచడానికి నువ్వెవడివి? నువ్వు కత్తెర పట్టిన కొత్తలో నీ తప్పు నీకు చెప్పకుండా దాచానా?"

"లేదు. చెంప మీద చెప్పారు."

"మరి?"

వాడి ప్రేమ కూడా మాస్టరుకు ఆ పూట అసహ్యంగానే తోచింది. జాలి ఎవరి చేతిలోంచి వచ్చినా ఒకే వాసన వేస్తుందనిపించింది.

సెలూను వెనకే ఉన్న ఇంట్లోంచి భార్య వచ్చింది. "మీరంతా మెడలు చూసుకుంటున్నారు. నేను నెలల తరబడి మోకాలు చూపిస్తున్నాను. ఎవరు విన్నారు? వీళ్ళు మీకు చెప్పలేదని ఎగురుతున్నారు. చెప్పినదాన్ని నోరు మూయించింది మీరే కదండీ."

అది నిజం. నిన్నటి నుంచి లోకం మీద ఉమ్ముతున్న ఉమ్ములో సగం తన మీదే పడాలని ఆయనకు అప్పుడు తట్టింది.

"రెండు మోకాళ్ళా అక్కా?" అని అడిగాడు శిష్యుడు.

"ఎడమది ఒక్కటే. కుడిది చెక్కు చెదరలేదు."

రాత్రే హాలు నుంచి తిరిగొచ్చిన స్టాండు దగ్గర శిష్యుడు గొంతుక్కూర్చున్నాడు. సొరుగు మీది నుంచి ఒక దువ్వెన అందుకుని ఎడమ పాదం పలక కింద నిలువుగా పెట్టాడు. పట్టింది. కుడి పలక కింద పెట్టాడు. పట్టలేదు. పలకను పైకెత్తి వదిలితే టక్కున ఒక రంధ్రం కిందికి జారింది. దాన్ని పట్టి ఉంచాల్సిన చోట బోల్టు లేదు.

బావమరిది వెళ్ళి సొరుగు లాగి, దువ్వెనల కింద వెతికి, ఆ బోల్టు తెచ్చి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. వాడి మొహం చూస్తే తిట్టబుద్ధి కూడా కాలేదు. నాలుగు నెలలు మాస్టరు కుడి వైపుకు కుంగి నిలబడ్డాడు. బరువంతా ఎడమ మోకాలు మోసింది. నడుము కింద తెలియదు కాబట్టి ఆయనకు ఆ వాలే తిన్నన అయిపోయింది. తన వాలునే అందరి మెడల మీదా గీసి పంపాడు. నిలబడ్డాడా లేదా అని ఊరంతా చూసింది. ఎలా నిలబడ్డాడో ఒక్క మనిషి చూసింది, ఆవిడ మాట ఎవరికీ పట్టలేదు.

అదే రోజు ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ పుండు చూసి ఎవరినీ వదలకుండా తిట్టింది. మాస్టరుకు ఆ తిట్లు హాయిగా ఉన్నాయి. మూడు వారాలు స్టాండు ఎక్కకూడదంది. మళ్ళీ బెల్టులు, బొజ్జలు. మళ్ళీ పాదాలు ఉబ్బాయి, మళ్ళీ కాళ్ళు ఎగిరిపడ్డాయి. ఆ మూడు వారాలూ సెలూనుకు జనం పలచబడ్డారు. కొందరికి సిగ్గు, కొందరికి కోపం. ఉపకారం చేస్తుంటే మొహాన కొట్టాడని ప్రెసిడెంటు నలుగురిలో అన్నట్టు తెలిసింది. మాస్టరు విని, "ఆయన మెడ ఇప్పుడు ఎలా ఉంది?" అని మాత్రం అడిగాడు.

పుండు మానింది. డాక్టరమ్మే వచ్చి రెండు పలకలూ కొలిచి, బోల్టులు తానే బిగించి, పది నిమిషాలు దాటొద్దని చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రం మాస్టరు లేచి నిలబడ్డాడు. తిన్నగా నిలబడితే ఎడమ పక్కకి పడిపోతున్నట్టనిపించింది. అద్దం పట్టుకుని ఆగాడు. సెలూనులో భార్య, శిష్యుడు తప్ప ఎవరూ లేరు.

"కూర్చో" అన్నాడు శిష్యుడితో.

ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. కుర్చీ తిప్పి, ఆగి, అద్దంలో చూసి, మళ్ళీ తిప్పి. అయ్యాక జేబులోంచి దారం తీసి భార్య చేతికిచ్చాడు.

"నువ్వు చూడు. నా కళ్ళు నాకు నమ్మకం లేదు."

ఆవిడ దారం బిగబట్టి శిష్యుడి మెడకు ఆనించింది. వంగి చూసింది. తొందరపడలేదు. ఈవిడ కూడా బాగుందంటే ఇక కత్తెర పట్టనని మాస్టరు అప్పటికప్పుడు అనుకున్నాడు.

"ఈసారి ఎడమ పక్క పల్లం. బియ్యపు గింజంత" అంది ఆవిడ.

"సరిగ్గా చూశావా?"

"చూశాను. వంకరే."

మాస్టరు గట్టిగా ఊపిరి వదిలాడు. మళ్ళీ కత్తెర అందుకున్నాడు.

శిష్యుడు మెడ మీది గుడ్డ తీసుకుంటూ లేవబోయాడు. "ఫరవాలేదు గురువుగారూ, బియ్యపు గింజంతే కదా. షాపుకి వెళ్ళాక నేనే..."

సగంలో నాలిక కరుచుకున్నాడు.

"లేచావంటే చెవి కోస్తాను" అన్నాడు మాస్టరు. "కూర్చో."